సెప్టిక్ ట్యాంకు నిండింది, బండివాళ్లు ఎక్కడ పోస్తారో చెప్పడం లేదు. ఏం చేయాలి? (అనంతపురం)

లలిత_అనంత

అందరికీ నమస్కారం. మాది అనంతపురం శివారు కాలనీ, పంచాయతీ కిందికి వస్తుంది. కింద మేము, పైన అద్దెకు ఒక కుటుంబం, మొత్తం ఎనిమిది మందిమి. ఇల్లు కట్టి తొమ్మిదేళ్లయింది, ట్యాంకు ఒక్కసారి కూడా తీయించలేదు. ఇప్పుడు కింది బాత్రూంలో నీళ్లు పోస్తే గుడగుడమని వెనక్కి తంతున్నాయి. ట్యాంకు మీద పరిచిన కడప బండల సందుల్లోంచి వాసన వస్తోంది.

కరెంటు స్తంభం మీద రాసిన నంబరు చూసి ఒక ప్రైవేటు బండిని పిలిచాం. పైపు దించబోతుంటే "ఇదంతా తీసుకుపోయి ఎక్కడ పోస్తారన్నా?" అని అడిగాను. "అది మీకెందుకమ్మా, మీ ట్యాంకు ఖాళీ అయితే చాలు కదా" అన్నాడు. మనసొప్పక వెనక్కి పంపేశాను. ఎందుకంటే మా కాలనీ వెనక వంకలో ఎవరో రాత్రిళ్లు ట్యాంకర్లు గుమ్మరించి పోతున్నారు. మా అందరి బోర్లూ ఆ వంక పక్కనే ఉన్నాయి. సాయంత్రం పిల్లలు ఆడుకునేదీ అక్కడే.

మా మామగారేమో "బండి ఎందుకు, ఇద్దరు మనుషుల్ని పిలిస్తే బకెట్లతో తోడేసి పోతారు, మేం అట్లనే చేయించేవాళ్లం" అంటున్నారు. అది నాకు అస్సలు ఇష్టం లేదు. ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు.

చట్టప్రకారం ఈ పని ఎవరితో చేయించాలి? తీసింది సరైన చోటికే పోయిందని మనకెట్లా తెలుస్తుంది? పంచాయతీలో ఉన్నవాళ్లకు కార్పొరేషన్ బండి వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

విశ్రాంత_శానిటరీ (కడప)

లలితమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు మీ మామగారి మాట తీసుకుంటాను. నేను మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఈ ఒక్క విషయంలో ఎవరింటికి పోయినా గట్టిగానే మాట్లాడేవాణ్ని.

రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. 2013లో వచ్చిన కేంద్ర చట్టంలో 7వ సెక్షన్ దాన్ని నిషేధించింది. 9వ సెక్షన్ కింద మొదటిసారి పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, ఐదు లక్షలు. కాంట్రాక్టరుకే కదా అనుకోవద్దు. "ఏ వ్యక్తీ" నేరుగా గానీ పరోక్షంగా గానీ ఆ పనికి పెట్టుకోకూడదని అందులో ఉంది. డబ్బులిచ్చి పిలిచిన ఇంటాయన కూడా అందులోకే వస్తాడు. ఆ పనికి మనం పిలిచేది ఏ కులాల వాళ్లనో అందరికీ తెలుసు. ఎస్సీ, ఎస్టీ వాళ్లతో చేతులతో మలం ఎత్తిస్తే అట్రాసిటీ చట్టం కిందా నేరమే, 2015 సవరణలో ఆ సంగతి విడిగా చేర్చారు.

చట్టం మాట అటుంచితే, ఆ గుంతలో ఏముంటుందో మామగారికి చెప్పండి. మడ్డి కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడమే పోతుంది. "మూత తీసి చాలాసేపయింది, వాసన తగ్గింది, ఇక దిగొచ్చు" అనుకుంటారే, ప్రాణం పోయేది అప్పుడే. అది గాలికంటే బరువు, అడుగునే కూర్చుంటుంది. పైన ప్రశాంతంగా కనిపించినా, మనిషి కాలు పెట్టి మడ్డిని కదిలిస్తే గ్యాస్ ఒక్కసారిగా బుస్సున లేస్తుంది. రెండు మూడు సార్లు ఊపిరి పీల్చేలోపే స్పృహ తప్పి పడిపోతాడు. ఆయన్ను లాగుదామని రెండోవాడు, వాణ్ని లాగుదామని మూడోవాడు దిగుతారు. పేపర్లో చూసే వార్తల్లో ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం ఇదే.

కొందరు అగ్గిపుల్ల గీసి లోపలికి వేసి చూస్తారు. అందులో మీథేన్ కూడా ఉంటుంది, అది మండే గ్యాస్. ఎప్పుడూ ఆ పని చేయొద్దు. ఎవరైనా పొరపాటున పడినా దిగకండి. 101కో 112కో ఫోన్ చేయండి, పైనుంచే తాడు అందించండి.

గీత_పాతూరు (అనంతపురం)

సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఇట్లా చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. అంత పెద్ద కోర్టు అన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందంటే ఇంకా మనుషుల్ని దించుతూనే ఉన్నారనే కదా. బెజవాడ విల్సన్ గారు ఈ పని ఆగాలనే ఇన్నేళ్లుగా తిరుగుతున్నారు. 2016లో మెగసెసే అవార్డు వచ్చింది కూడా ఆ పనికే. అక్కా, మామగారికి సెక్షన్ల కంటే ఆ మనుషుల పిల్లల సంగతి చెప్పి చూడండి, పెద్దవాళ్లు వింటారు.

బండి కోసం 14420కి చేయండి. సెప్టిక్ ట్యాంకులు, డ్రైనేజీ క్లీనింగ్ కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్ అది. కార్పొరేషన్ పరిధిలో ఉన్నవాళ్లు వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని అడగొచ్చు.

ఎర్రగుంట్ల_శీను

అన్నిటికీ బండి ఎందుకండీ? ఆన్‌లైన్‌లో బ్యాక్టీరియా పౌడర్ దొరుకుతుంది. నెలనెలా ఫ్లష్‌లో వేస్తే మడ్డి మొత్తం నీళ్లయిపోతుందని రాసుంది. మా పక్కింట్లో వేస్తున్నారు.

మేస్త్రి_ఓబులేసు (కడప)

శీనూ, మడ్డిని అరిగించే బ్యాక్టీరియా మన మలంలోనే కావలసినంత ఉంటుంది, కొనాల్సిన పని లేదు. అది అరిగించగా మిగిలే మట్టి లాంటి పదార్థం ఏ పౌడరుకీ కరగదు, అడుగున పేరుకుంటూనే పోతుంది. పౌడరు వేసి మడ్డిని కదిలిస్తే అది నీళ్లతో కలిసి, ట్యాంకు నీళ్లు భూమిలోకి ఇంకే ఇంకుడు గుంతలోకి పోయి దాన్ని మూసేస్తుంది. అప్పుడు ట్యాంకుతో పాటు గుంత కూడా కొత్తగా తవ్వించుకోవాలి. ఆ బ్యాక్టీరియా బతకాలంటే మాత్రం యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్ తగ్గించండి. కొందరు కోడి పేగులు వేస్తారు, పేడ వేస్తారు. అవన్నీ నింపడానికే పనికొస్తాయి.

లలితక్కా, మీ ట్యాంకు కొలతలెంత? ఎన్ని లోడ్లు అవుతుందో ముందే లెక్క వేసుకుంటే బండివాడు చెప్పిందే వేదం కాకుండా ఉంటుంది.

లలిత_అనంత

పొడవు 8 అడుగులు, వెడల్పు 6. నీళ్లు నిలిచే లోతు 6 అడుగులని అప్పట్లో మేస్త్రి చెప్పాడు. రెండు గదులు.

మామగారికి సార్ రాసింది చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆయన చిన్నప్పుడు ఊళ్లో ఇదే పని చేస్తూ పోయిన ఒకాయన పేరు చెప్పారు. మనుషుల్ని పిలిచే మాట ఇక లేదు.

మేస్త్రి_ఓబులేసు (కడప)

8 ఇంటూ 6 ఇంటూ 6, 288 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, అంటే దగ్గర దగ్గర 8,150 లీటర్లు. 4,000 లీటర్ల బండి అయితే రెండు లోడ్లు, ఇంకాస్త మిగులుతుంది. పుస్తకం లెక్కన మనిషికి ఏడాదికి 70 లీటర్ల పైచిలుకు మడ్డి. ఎనిమిది మందికి తొమ్మిదేళ్లకు 5,000 లీటర్లు దాటింది. సగానికి పైగా మడ్డే ఉందన్నమాట. నీళ్లు వెనక్కి తన్నడానికి కారణం అదే. రెండు మూడేళ్లకోసారి తీయించాలనేది ఊరికే చెప్పే మాట కాదు.

తీయించే రోజు ఇది గమనించండి. చాలామంది బండివాళ్లు పైపు పైపైనే పెట్టి నీళ్లు లాగేసి "అయిపోయింది" అంటారు. అసలు తీయాల్సిన మడ్డి అడుగునే ఉంటుంది. పొడవాటి వెదురు కర్రకు పాత తెల్లగుడ్డ చుట్టి అడుగు దాకా దించి, మెల్లగా పైకి తీయండి. ఎక్కడిదాకా నల్లగా అంటుకుంటే అంత ఎత్తు మడ్డి ఉన్నట్టు. నీటి లోతులో మూడో వంతు దాటితే తీయించాల్సిందే. తీయించాక మళ్లీ అదే కర్రతో చూసి అప్పుడు డబ్బులివ్వండి. కర్ర పెట్టేటప్పుడు మూత మీదికి వంగొద్దు, గాలి వచ్చే వైపు నిలబడండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

మొత్తం గీకేసి కడిగించొద్దు. అడుగున కొంచెం నల్ల మడ్డి మిగిలితే కొత్తగా పడేది త్వరగా కుళ్లుతుంది. రెండు గదులకూ మూతలు వేరుగా తెరిపించండి. చిన్నగదిని అందరూ మర్చిపోతారు.

ట్యాంకర్_బాషా

నమస్తే. నేను ట్యాంకరు నడుపుతాను, సొంత బండి. ఈ చర్చ మా తమ్ముడు పంపించాడు. మా గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి రాస్తున్నా, తప్పుగా అనుకోవద్దు.

రాత్రిళ్లు వంకలో పోసేవాళ్లు ఉన్నారు, అబద్ధం చెప్పను. అది తప్పే, నేను సమర్థించను. కానీ ఎందుకు పోస్తారో వినండి. ఇంటివాళ్లు బేరం ఆడేది లోడు రేటు మీద ఒక్కటే. ఇంకొకడు మూడు వందలు తక్కువకు వస్తానంటే వాణ్నే పిలుస్తారు. పోసే స్థలం ఊరికి దూరం. పోను రాను డీజిల్, అక్కడ నిలబడే టైమ్, ఫీజు. అవన్నీ లెక్కేసి రేటు చెప్పిన నేను ఇంటి దగ్గరే కూర్చోవాల్సి వస్తుంది, దారిలోనే పోసేవాడికి రోజుకు అన్ని ట్రిప్పులూ దొరుకుతాయి. "ఎక్కడ పోస్తావు" అని అడిగిన ఇల్లు నాకు చాలా అరుదు. ఈ అక్క అడిగిందని చదివి సంతోషమేసింది.

ఇంకొకటి. మేం మధ్యాహ్నం ఎండలో పని చేసి చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగితే గేటు బయట కొళాయి చూపిస్తారు. తాగడానికి అడిగితే అది కూడా లేదు. నిన్నటిదాకా మాకు ఫోన్ చేసి "అర్జెంటన్నా, తొందరగా రా" అన్నవాళ్లే. మా హెల్పర్ చదువుకున్న పిల్లోడు, ఇది చూసి రెండు నెలల్లో మానేశాడు.

అక్కా, ఒక పని చేయండి. మీ కాలనీలో ట్యాంకులన్నీ దాదాపు ఒకే కాలంలో కట్టి ఉంటారు. అందరివీ నిండే ఉంటాయి. పదిళ్లవాళ్లు కలిసి ఒకే వారంలో పెట్టుకుంటే మాకు ఖాళీ తిరుగుడు తగ్గుతుంది, దూరమైనా సరైన చోటికే తీసుకుపోగలం. పోసినట్టు రసీదు తెచ్చి చూపిస్తేనే చివరి డబ్బులు ఇస్తామని ముందే చెప్పండి. నిజాయితీగా చేసేవాడు దానికి భయపడడు.

గీత_పాతూరు (అనంతపురం)

బాషా అన్నా, మీరు రాసినందుకు చాలా థ్యాంక్స్. నీళ్ల సంగతి చదివి బాధేసింది. ఇది చదివినవాళ్లయినా బండి వచ్చిన రోజు సబ్బు, బకెట్ నీళ్లు, తాగడానికి చల్లటి నీళ్లు ముందే పెట్టండి.

మీరు చెప్పిన పద్ధతే మహారాష్ట్రలో వాయి, సిన్నర్ పట్టణాల్లో మునిసిపాలిటీలే చేస్తున్నాయి. ఎవరో ఫోన్ చేసేదాకా ఆగరు. వార్డుల వారీగా వరస పెట్టి ఇంటింటి ట్యాంకూ తీస్తారు, ఖర్చు పన్నులో కలుస్తుంది. మన రాయలసీమ ఊళ్లకు ఇంతకంటే మంచి దారి లేదని నా గట్టి నమ్మకం.

చీని_తోట (తాడిపత్రి వైపు)

నేను రైతును. నా మాట కూడా వినండి. ట్యాంకరు సరుకు మా తోటకు వేయించుకుంటాను. వాళ్లు వంకలో పోసేది నా భూమిలో పోస్తే తప్పేముంది? మా నేలలు ఎట్లాంటివో మీకు తెలుసు, ఎర్రనేల, రాళ్లు. పశువులు తగ్గిపోయాయి, దిబ్బ ఎరువు ట్రాక్టరు ధర వింటేనే గుండె ఝల్లుమంటుంది. ట్యాంకరు సరుకు పడిన చెట్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. మా తాతల కాలంలో ఇదంతా చేలోకే పోయేది కదా.

విశ్రాంత_శానిటరీ (కడప)

రైతన్నా, మీ బాధ నిజం, అందులో ఎరువు ఉందన్నదీ నిజం. నత్రజని, భాస్వరం ఉంటాయి, చెట్లు నల్లబడతాయి. కానీ పచ్చి సరుకులో ఎరువు ఒక్కటే రాదు. ఏలికపాముల గుడ్లు, కొంకిపురుగు, టైఫాయిడ్, కామెర్లు, కలరా తెచ్చే సూక్ష్మజీవులు అన్నీ వస్తాయి. ఏలికపాము గుడ్డుకు గట్టి పెంకు ఉంటుంది, నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతుకుతుంది. కొంకిపురుగు పిల్లలు ఉత్త కాళ్ల చర్మంలోంచే లోపలికి పోతాయి. తోటలో చెప్పులు లేకుండా కలుపు తీసే ఆడవాళ్లకు రక్తహీనత వస్తే "తిండి సరిపోక" అంటాం, కారణం కాళ్ల కింద ఉంటుంది.

తాతల కాలం సంగతి చెప్పారు. అప్పుడు ఊరు చిన్నది. ఇప్పుడు ఒక్క ట్యాంకరులో వేల లీటర్లు ఒకే చోట పడుతుంది. చీని కాయ పైన కాస్తుంది కాబట్టి కొంత నయం అనుకుందాం. రాలిన కాయ ఏరి గంపలో వేస్తారు కదా? శెనక్కాయ చేనయితే చెప్పనే అక్కర్లేదు, కాయ మట్టిలోనే ఊరుతుంది. కొత్తిమీర, ముల్లంగి, ఉల్లి సంగతీ అంతే.

ఎరువుగా వాడే దారి ఉంది. శుద్ధి కేంద్రంలో మడ్డిని ఆరబెట్టి, తడిచెత్తతో కలిపి కుప్ప వేస్తే లోపల వేడెక్కి గుడ్లు చస్తాయి. ఆ ఎరువు వాడుకోవచ్చు. మీరు బెంగళూరు పోయే దారిలో దేవనహళ్లి తగులుతుంది కదా, అక్కడ 2015 నుంచి ఇట్లాంటి కేంద్రం నడుస్తోంది. ట్యాంకర్లు నేరుగా అక్కడ దించుతాయి. మడ్డి ఆరేది వేరు, నీళ్లు కంకర, మొక్కల మడుల గుండా వడకట్టేది వేరు. చివరికి ఎరువు రైతులకే పోతుంది. వేడి చేసే ఏర్పాటు లేకుండా ఊరికే ఆరబెట్టి నిల్వ ఉంచాలంటే మన వేడి ప్రాంతంలో కూడా ఏడాదికి పైనే ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1974 జలకాలుష్య చట్టం 24వ సెక్షన్ ఏరు, బావి, భూమి, ఎక్కడైనా ఇట్లాంటిది పోయడాన్ని అడ్డుకుంటుంది. మన రాష్ట్రంలో 2017లో వచ్చిన సెప్టేజ్ (ట్యాంకుల్లోంచి తీసిన సరుకు) విధానం ప్రకారం బండి మునిసిపాలిటీలో నమోదు కావాలి, సరుకు వాళ్లు చూపిన స్థలానికే పోవాలి. "రైతు ఒప్పుకున్నాడు" అంటే అది అనుమతి కాదు.

చీని_తోట (తాడిపత్రి వైపు)

సార్, కొంకిపురుగు సంగతి నాకు తెలియదు. మా ఇంట్లోవాళ్లే తోటలో పని చేస్తారు. ఇక పచ్చిది వేయించను. కానీ శుద్ధి చేసిన ఎరువు మా దాకా రావాలంటే ఎవరిని అడగాలి? వంకకు పోయేదానికి బండ్లున్నాయి, మాకు ఎరువు తెచ్చేదానికి బండి లేదా?

విశ్రాంత_శానిటరీ (కడప)

సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, పది మంది రైతులు కలిసి రాసివ్వండి. కాలనీల వాళ్లు ఒక పక్క నుంచి "మా సరుకు ఎక్కడ పోయాలి" అని, మీరు ఇంకో పక్క నుంచి "మాకు ఎరువు కావాలి" అని అడిగితే అధికారులకు కూడా పని చేయడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

హంద్రి_ఒడ్డు (కర్నూలు)

మధ్యలో వస్తున్నా, క్షమించండి. మాది హంద్రి దగ్గర ఇల్లు. వానాకాలంలో ట్యాంకు తీయిస్తే రెండు రోజులకే మళ్లీ నిండుతోంది. బండికి డబ్బులు పోసీ పోసీ విసుగొచ్చింది. ఎందుకిట్లా?

మేస్త్రి_ఓబులేసు (కడప)

నిండేది మీ ఇంటి నీళ్లతో కాదు, భూమిలోంచి ఊరే నీళ్లతో. ఏరు నిండినప్పుడు ఆ చుట్టుపక్కల భూగర్భ జలం పైకొస్తుంది. ట్యాంకు గోడకు పగులున్నా, అడుగున కాంక్రీటు వేయకుండా మట్టి వదిలేసినా నీళ్లు లోపలికి వస్తాయి. ఇంకుడు గుంతలోంచి వెనక్కి కూడా రావచ్చు. వానాకాలంలో తీయించడం దండగ, పైగా లోపల ఖాళీ అయితే బయటి నీళ్ల ఒత్తిడికి గోడలు దెబ్బతింటాయి. ఎండాకాలంలో తీయించి, అప్పుడే అడుగు, గోడలు వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ చేయించాలి. ఆ పనికి మనిషి లోపలికి పోవాలి కాబట్టి మామూలు మేస్త్రిని పిలిచి దించేయకండి. గ్యాస్ మీటరు, గాలి కొట్టే బ్లోయరు, బెల్టు తాడు, పైన కాపలా ఉన్న ఏజెన్సీతోనే చేయించండి. ఆ సరంజామా లేదంటే పాతదాన్ని పూడ్చి పక్కన కొత్తది కట్టుకోండి.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. బయటి నీళ్లు లోపలికి వస్తున్నాయంటే, ఏరు తగ్గాక లోపలివి బయటికి పోతాయి. మీ బోరు ఎంత దూరంలో ఉంది?

హంద్రి_ఒడ్డు (కర్నూలు)

కాంపౌండులోనే. ముప్పై అడుగులు ఉంటుందేమో. వంటకు, స్నానానికి అదే వాడుతున్నాం.

గీత_పాతూరు (అనంతపురం)

అన్నా, ఈ రోజు నుంచే తాగేది, వండేది ఆ నీళ్లతో ఆపేయండి. నేను ల్యాబ్‌లో పని చేస్తాను. ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ కనీసం 18 మీటర్లు ఉండాలంటారు, అంటే దాదాపు 60 అడుగులు. రాళ్లలో పగుళ్లు ఉన్న మన నేలల్లో అది కూడా ఒక్కోసారి సరిపోదు.

నీళ్లు పరీక్ష చేయించండి. రెండు చూడాలి: కోలీఫాం బ్యాక్టీరియా, నైట్రేట్. బ్యాక్టీరియా తెలుసుకోవడానికి చిన్న సీసా పరీక్ష ఉంది. నీళ్లు పోసి వెచ్చగా ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే సీసా నల్లగా మారిపోతుంది. చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్లు కాచితే బ్యాక్టీరియా చస్తుంది గానీ నైట్రేట్ పోదు, ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పసిపిల్లలకు పాలపొడి ఆ నీళ్లలో కలిపితే ప్రమాదం, ఒళ్లు నీలంగా మారే జబ్బు వస్తుంది. ఇంట్లో పసిబిడ్డ ఉంటే టెస్ట్ రిపోర్టు కోసం ఆగకండి, నీళ్లు ముందే మార్చేయండి.

లలిత_అనంత

నాకు ఈ బోర్ల సంగతి చదివాక చాలా టెన్షన్ పట్టుకుంది. మా కాలనీ బోర్లు కూడా పరీక్షకు ఇచ్చాం.

ట్యాంకు సంగతి ఎంతవరకు వచ్చిందంటే, పంచాయతీ కార్యదర్శిని కలిశాం. పంచాయతీకి సొంత బండి లేదు. కార్పొరేషన్‌లో నమోదైన బండ్లు బయటికి రావడానికి అభ్యంతరం లేదని, సరుకు మాత్రం కార్పొరేషన్ చూపిన చోటే దించాలని చెప్పారు. అది కాగితం మీద రాసివ్వమని అడిగి తీసుకున్నాం. కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే పన్నెండు ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు. "మాది ఇంకా నిండలేదు" అన్నవాళ్ల ఇళ్లలో ఓబులేసన్న చెప్పిన కర్ర పరీక్ష చేసి చూపించాం. ఆ నల్లగుడ్డ చూశాక ఎవరూ మాట్లాడలేదు.

వంకలో పోసేవాళ్ల మీద కూడా అర్జీ ఇచ్చాం. బండి నంబరు కనిపించేలా ఒకరి ఇంటి కెమెరాను అటువైపు తిప్పారు.

ట్యాంకర్_బాషా

అక్కా, కెమెరా మంచి పని. ఇంకొకటి చూసుకోండి. వచ్చే బండికి పైపు కీళ్ల దగ్గర కారకూడదు. పని అయ్యాక పైపును నీళ్లతో కడిగి ఆ నీళ్లు కూడా మీ ట్యాంకులోకే పోసేయాలి, రోడ్డు మీద కాదు. పనోళ్లకు చేతి తొడుగులు, బూట్లు, మాస్కు లేకపోతే పని మొదలుపెట్టనివ్వొద్దు. ఓనరు ఇవ్వకపోతే మీరు గట్టిగా అడిగితేనే ఇస్తాడు. అడుగు మడ్డి గట్టిపడితే, ట్యాంకరులోని నీళ్లనే వెనక్కి ఒత్తిడితో కొట్టి కదిలించి మళ్లీ లాగుతాం. అది కూడా కాకపోతే నీళ్లను గట్టి ఒత్తిడితో చిమ్మే జెట్టింగ్ మిషన్ ఉంటుంది. "మనిషి దిగితే గానీ కాదు" అన్నవాణ్ని పంపించేయండి, అట్లా అన్నవాడికి పని రాదని అర్థం.

కొత్తిల్లు_ప్రొద్దుటూరు

మాది ఇప్పుడే పునాది లేచింది. ఇదంతా చదివాక ముందే సరిగ్గా కట్టించుకోవాలనిపిస్తోంది. ఐదుగురం. మేస్త్రి 10 ఇంటూ 10 గుంత తవ్వి అడుగు వదిలేద్దాం, "ఇరవై ఏళ్లు తీయాల్సిన పనిలేదు" అంటున్నాడు. వినాలా?

మేస్త్రి_ఓబులేసు (కడప)

వినొద్దు. అడుగు వదిలేసింది సెప్టిక్ ట్యాంకు కాదు, ఇంకుడు గుంత. ఇరవై ఏళ్లు నిండకపోవడానికి కారణం అంతా భూమిలోకి పోవడమే. మీ బోరు, పక్కింటి బోరు రెండూ పోతాయి.

ఐదుగురికి స్టాండర్డ్ ప్రకారం 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, నీటి లోతు మీటరుకు కాస్త పైన ఉంటే చాలు, రెండేళ్లకోసారి తీయించుకోవచ్చు. బంధువులు వస్తుంటారు, రేపు పైన ఇంకో అంతస్తు వేస్తారు అనుకుంటే కొంచెం పెంచుకోండి. 2,000 లీటర్లు దాటితే మధ్యలో గోడ కట్టి రెండు గదులు చేయండి, నీళ్లు ముందుగా పడే గది రెండోదానికి రెట్టింపు ఉండాలి. అడుగు కాంక్రీటు, లోపలంతా ప్లాస్టరింగ్. లోపలికి వచ్చే చోటా బయటికి పోయే చోటా "టీ" పైపు పెట్టండి, లేకపోతే పైన తేలే తెట్టె నేరుగా ఇంకుడు గుంతలోకి పోయి దాన్ని పూడుస్తుంది. బయటికొచ్చే నీళ్లు చూడటానికి తేటగా ఉన్నా శుభ్రమైనవి కాదు. వాటిని వీధి కాలువలోకి వదలకుండా ఇంకుడు గుంతకే పంపాలి.

గ్యాస్ పోయే పైపు ఇంటి కప్పు దాటి పైకి పోవాలి, కొనకు దోమల జాలీ కట్టండి. ఒక్కో గదికి ఒక్కో మూత, మనిషి చేతికి అందేలా కొక్కెం పెట్టి. దాని మీద టైల్స్ వేయడం, మెట్లు కట్టడం, కారు షెడ్డు వేయడం మన దగ్గర మామూలయింది. రేపు తీయాల్సి వచ్చినప్పుడు పగలగొట్టుకోవాలి. బండి పైపు రోడ్డు మీంచి అక్కడికి అందుతుందో లేదో ఇప్పుడే కొలిచి చూడండి, మీ స్థలంలో ముందువైపు పెడితే మంచిది. స్థలం ఉండి, నీళ్లు లోతులో ఉన్న ఊరయితే రెండు గుంతల మరుగుదొడ్డి ఇంకా నయం. ఒకటి నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఏడాదికి పైనే మూసి ఉంచితే లోపలిది ఎండి ఎరువవుతుంది.

మీ బోరు ఎక్కడ వేస్తున్నారో, ట్యాంకు ఎక్కడ అనుకుంటున్నారో కాగితం మీద గీసి ఫోటో పెట్టండి. చూసి చెప్తా.